మిమ్మల్ని మీరే ఒక నవలలో పాత్రగా ఊహించుకోవడం ఎలా?

ఒక నోటు పుస్తకం తీసుకుని, నిన్న మీరు చేసిన ఏదైనా ఒక పనిని ‘నేను’ అన్న మాట ఎక్కడా రాకుండా ఒక పేజీ రాయడంతో ఈ సాధన మొదలవుతుంది. అది గొప్ప సంఘటన కానక్కర్లేదు. నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో అరగంట బస్సు కోసం నిలబడి ఉన్నా చాలు.

మొదటి వాక్యంలోనే మీరొక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. తెలుగులో ‘నేను’ను తీసేస్తే ఆ చోట ‘వాడు’ అనాలా, ‘అతను’ అనాలా, ‘ఆయన’ అనాలా అన్నది తేలనిదే క్రియ కూడా ముందుకు కదలదు. ‘ఆయన వచ్చారు’ అని రాసుకుంటే పేజీ అంతా సన్మానపత్రంలా తయారవుతుంది. ‘వాడు వచ్చాడు’ అంటే మనల్ని మనమే తిట్టుకుంటున్నట్టు ఉంటుంది. ఎక్కువమందికి ‘అతను’, ‘ఆమె’ సరిపోతాయని నా అనుభవం, ఎందుకంటే ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషిని చూసినంత దూరంలో ఆ మాటలు మనల్ని నిలబెడతాయి. అయినా మూడు విధాలుగానూ ఒక్కొక్క పేరా రాసి చూడండి. ఏది రాస్తున్నప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించిందో గుర్తుపెట్టుకోండి, అది తరువాత పనికొస్తుంది.

ఇక పేరు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. ఆ విరాటపర్వంలో పాండవులు ఏడాది పాటు వేరే పేర్లతో, వేరే వేషాలతో బతుకుతారు. అయితే జూదం మీద ప్రీతి ఉన్న ధర్మరాజు కంకుభట్టుగా మారినా పాచికల దగ్గరే ఉంటాడు, భీముడు వలలుడై వంటశాలలోనే చేరుతాడు. పాత్రకు పేరు పెట్టేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇదే: పేరూ వేషమూ మార్చండి, స్వభావాన్ని మాత్రం కదపకండి. పైసా పైసా లెక్క చూసుకునే మనిషి నవలలోకి రాగానే దానకర్ణుడైతే ఆ పాత్ర మీరు కాదు. పేరు కూడా మన మట్టిలోదే అయితే మంచిది. పెంచలకోన నరసింహస్వామిని తలచుకుని పెట్టిన పెంచలయ్య, మాలకొండ స్వామి పేరున మాల్యాద్రి, కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన మస్తానయ్య, ఇలాంటి పేరు ఒక్కటి రాయగానే ఆ ఇంటి మొక్కులూ నమ్మకాలూ చెప్పకుండానే కథలోకి వచ్చేస్తాయి.

ఆ తరువాత ఒకే ఒక్క రోజును, ఆ రోజు ఆ మనిషికి కావలసిన ఒకే ఒక్క దానిని ఎంచుకోండి. జీవితమంతా రాయాలని కూర్చుంటే పది పేజీల లోపే అది బయోడేటా అయిపోతుంది. ఇక్కడ నా సంగతే చెబుతాను. మైపాడు వైపు మా రొయ్యల గుంట మీద ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటరు ఆగి, ఆ పంట చాలావరకు నష్టపోయాను. ఆ రాత్రి గురించి ‘నేను’ అంటూ రాసుకున్న కాగితం నిండా కరెంటు మీద కోపమే ఉంది. కొన్ని నెలల తరువాత అదే రాత్రిని పెంచలయ్యకు అప్పగించి మళ్లీ రాశాను. పెంచలయ్య టార్చి వేసుకుని గట్టు మీదికి వచ్చాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే సాయంత్రం వేసిన మేత తిననిది తిననట్టే ఉంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోత ఆగిపోవడంతో ఎక్కడో దూరాన కప్పల అరుపు కూడా వినిపిస్తోంది. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజాము వేళకు రొయ్యలు ఒక్కొక్కటిగా పైకి రావడం మొదలైంది. అప్పుడు కాపలా ఉండే పెద్దాయన మెల్లగా అన్నాడు: “అబ్బయా, డీజిలు చూసుకోకండానే పెండ్లికి పోయినావే.”

ఆ మాట మొదటి కాగితంలో లేదు. ఆయన ఆ రాత్రి నిజంగానే అన్నాడు, నేను రాయలేదు, అంతే. పెంచలయ్య తప్పును రాయడానికి నా చేతికి అడ్డేమీ లేకపోయింది. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్, ఆయన సహపరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒత్తిడి కలిగించే పనికి ముందు తమ గురించి ‘నేను’ అని కాక పేరుతో ఆలోచించుకున్నవారు తక్కువ ఆందోళన చెందారని తేలింది. ఆ ఫలితం చదివినప్పుడు నాకు ఆ గట్టే గుర్తుకు వచ్చింది.

మాటల విషయంలో జాగ్రత్త పడండి. కథనం ఎంత గ్రాంథికంగా ఉన్నా ఫరవాలేదు కాని, “యాడికి పోతుండావు?”, “బిన్నా రా” (త్వరగా రా) అనే మనిషి చేత “ఎక్కడికి వెళ్తున్నారు?” అనిపించకండి. ఆ పాత్రను ఎవరెవరు ఏమని పిలుస్తారో కూడా ఒక పక్కన రాసి పెట్టుకోండి. తల్లికి ‘నాయనా’, కాపలా పెద్దాయనకు ‘అబ్బయా’, మరదలికి ‘బావా’, బ్యాంకులో ‘పెంచలయ్య గారూ’. ఒక్కొక్క పిలుపుకు ఆ మనిషి ఒక్కొక్క తీరున తల తిప్పుతాడు. ఆ తేడా పట్టుకోగలిగితే పాత్ర నిలబడినట్టే. వీలైతే అదే దృశ్యాన్ని ఆ పిలిచినవారిలో ఒకరి కళ్లతో మరో పేజీ రాయండి.

ఇది రాత్రి అరగంట పని. పగలు ఎదుటి మనిషి మాట్లాడుతుండగా మనసులో వాక్యాలు కట్టుకుంటూ కూర్చుంటే ఆ మాట వినబడదు. ఇంట్లోవారి రహస్యాలు రాసేటట్లయితే వారి పేర్లూ మార్చండి, పుస్తకం భద్రంగా దాచండి. పచ్చి దుఃఖాన్ని మాత్రం కొన్నాళ్లు ఆగనివ్వండి. దానికింకా పేరు మార్చే వేళ రాలేదు.

నాలుగు పేజీలు అయ్యాక పైకి చదవండి. చదువుతూ ఉండగా ‘పెంచలయ్య’ అనవలసిన చోట మీ నోరు ‘నేను’ అని జారితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. మరుసటి రాత్రి ఆ గీత దగ్గర నుంచి మొదలుపెట్టండి.