వీల్‌చైర్‌లో వెనిస్: ఒక్క రోజులో, వంతెనలు ఎక్కకుండా

వెనిస్‌లో 400కి పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే, అందుకే వీల్‌చైర్‌తో అక్కడికి వెళ్ళడం అయ్యే పని కాదని చాలామంది ముందే ఆశ వదిలేసుకుంటారు. అసలు వంతెనల సంగతే పక్కన పెట్టేయండి. ఆ ఊరు వందకి పైగా చిన్న చిన్న దీవుల గుంపు. పడవ స్టాపులో దిగడం, మెట్లు అడ్డం రానంత వరకు తిరగడం, మళ్ళీ పడవెక్కి ఇంకో స్టాపుకి పోవడం, అంతే. ఒక రోజుకి రెండు స్టాపులు చాలు.

పడవంటే అక్కడి సిటీ బస్సు లాంటి వాపొరెట్టో. 1, 2 నంబర్ల లైన్లు పట్టుకోండి, అవి పెద్ద పడవలు, డెక్కు స్టాపు ఎత్తుకి దాదాపు సమానంగా ఉంటుంది, సిబ్బంది కూడా చెయ్యి వేస్తారు. 4.1, 5.1 లాంటి లైన్లలో తిరిగే చిన్న పడవల్లో మెట్లుంటాయి, వాటి జోలికి పోవద్దు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకి 75 నిమిషాల టికెట్ 1.50 యూరోలే, తోడు వచ్చినవాళ్ళకి ఉచితం, కాబట్టి రోజు పాస్ కొనే అవసరం లేదు. ఒక్క విషయం, స్టాపు నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది, నీటిమట్టం తగ్గినప్పుడు గట్టు నుంచి దాని మీదికి దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుంది. అప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి మెల్లగా దించమనండి.

రైల్లో వచ్చినా బస్సులో వచ్చినా 1వ లైన్ దగ్గర్లోనే దొరుకుతుంది. రైల్వే స్టేషన్‌కీ, బస్సులు ఆగే పియజ్జాలె రోమాకీ మధ్య 2008లో కట్టిన కొత్త వంతెన ఉంది కదా అని అటు పోకండి, దానికీ మెట్లే. తర్వాత గుడ్డు ఆకారంలో ఓ లిఫ్టు తగిలించారు గానీ అది ఎవరికీ అక్కరకు రాలేదు, 2020లో పీకేశారు. ఆ ఒక్క స్టాపు దూరం కూడా పడవే నయం.

ముందు ఊరి ప్రధాన చౌకు శాన్ మార్కో చూసేయండి. ఇక్కడ చాలామంది పొరపడేది స్టాపు దగ్గరే. శాన్ జక్కారియాలో దిగితే చౌకుకి వెళ్ళే దారిలో వంతెన అడ్డం వస్తుంది, అదే శాన్ మార్కో వల్లరెస్సోలో దిగి సందులోంచి నేరుగా పైకి వెళ్ళి కుడివైపు తిరిగితే ఒక్క మెట్టు కూడా లేకుండా చౌకులోకి చేరతారు. ఒకప్పటి వెనిస్ పాలకుల భవనమైన డోజె ప్యాలెస్‌లో లిఫ్టు ఉంది, పెద్ద పెద్ద హాళ్ళన్నీ చూడొచ్చు, పాత జైలు వైపు దారులు మాత్రం ఇరుకు, వీల్‌చైర్ పట్టదు. దివ్యాంగులకీ వాళ్ళతో వచ్చినవాళ్ళకీ ప్రవేశం ఉచితం. బసిలికాకి, అంటే చౌకులోని పెద్ద చర్చికి, పక్కనున్న ద్వారం అడగండి. లోపల మొజాయిక్ నేల అలల్లా ఎత్తుపల్లాలుగా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, తోసేవాళ్ళకి మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

మధ్యాహ్నం శాన్ తోమాలో దిగండి. అక్కడి నుంచి ఫ్రారి చర్చికి వంతెన లేకుండా వెళ్ళొచ్చు, బలిపీఠం మీద చిత్రకారుడు తిషన్ 1518లో పూర్తిచేసిన మేరీమాత చిత్రం ఉంది, నా మాటకొస్తే శాన్ మార్కో రద్దీ కంటే ఇక్కడ గడిపే గంటే మేలు. రియాల్టో వంతెనని పడవలోంచి చూస్తే చాలు, అదీ మెట్లమయమే.

వీధుల్లో రాతి పలకల సందుల్లో ముందు చక్రాలు ఇరుక్కుంటాయి, కాస్త వెనక్కి వాల్చి తోయాలి. శరదృతువు, శీతాకాలాల్లో ఆటుపోట్లు చూసుకుని బయల్దేరండి, నీళ్ళొస్తే వేసే చెక్క దారులు వీల్‌చైర్‌కి పనికిరావు. 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటి సందర్శకులకి ప్రవేశ రుసుము ఉంది, దివ్యాంగులకి మినహాయింపు ఉంది గానీ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

సాయంత్రం పడవలు కిక్కిరిసిపోతాయి, ఒకటి రెండు వదిలేయాల్సి రావొచ్చు, పైగా 1వ లైన్ ప్రతి స్టాపులో ఆగుతుంది కాబట్టి రైలు టైముకి గంటన్నర ముందే కదలండి.