మైపాడు తీరాన డిసెంబరు పరుగుకు ముందు జాగ్రత్తలు

క్రిస్మస్‌కు ముందు మిత్రులతో నెల్లూరు దగ్గరి మైపాడు సముద్ర తీరాన 10 కిలోమీటర్ల పందెంలో పాల్గొనదలచినవారు, చలిగా ఉందని స్వెట్టరుతోనే పరుగు మొదలుపెట్టకూడదు. రెండో కిలోమీటరుకే అది చెమటకు తడిసి భుజాలను కిందికి లాగుతుంది. ప్రతి భారాన్నీ విడిచి ఓపికతో పరుగెత్తమని బైబిల్లోని హెబ్రీ పత్రిక (హెబ్రీయులకు రాసిన లేఖ) 12వ అధ్యాయం ఎందుకు చెప్పిందో నాకు అక్కడే అర్థమైంది.

కొత్త బూట్లు వద్దు. చలికి దాహం తెలియదు గనుక నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది కాబట్టి అలల అంచున గట్టిపడిన తడి ఇసుక మీదే పరుగెత్తాలి.

అందరికంటే నెమ్మదైనవారి వేగమే జట్టు వేగమని ముందురోజే ఒప్పుకోవాలి. ఒకడు పడితే లేవనెత్తే తోడు కావాలన్న బైబిల్లోని ప్రసంగి గ్రంథం 4వ అధ్యాయపు మాట, పిక్క పట్టేసినప్పుడు అక్షరాలా నిజమవుతుంది.

ప్రార్థన చేశామని ఒళ్లు వేడెక్కించే వ్యాయామం మానకూడదు (మావాళ్లు ఒకసారి మానారు, కుంటుతూ వచ్చారు).