టార్పాలిన్ కట్టినా తడుస్తున్నారా?

టార్పాలిన్ కింద పడుకుని కూడా తడిశామంటే చాలాసార్లు లోపం ఆ పట్టలో కాదు, కట్టడంలో ఉంటుంది. గుడ్డలోంచి కారే నీళ్ల కంటే తాడు వెంటా, అంచుల కిందనుంచీ వచ్చే నీళ్లే ఎక్కువ.

ముందు కొనే సంగతి. ఒక్కరికి 2×3 మీటర్లు, ఇద్దరికి 3×3 కావాలి. వాటర్‌ప్రూఫ్ రేటింగ్ (గుడ్డ కారకుండా ఎంత ఎత్తు నీటిని ఆపగలదో చెప్పే అంకె) 1500 మి.మీ. ఉంటే మామూలు వానకి చాలు, కుండపోతకి 3000 మేలు. మామూలు పాలిథీన్ పట్ట చవకే కానీ మోయడానికి బరువు, ఎండకి పెళుసెక్కుతుంది. సిలికాన్ పూత ఉన్న నైలాన్ తేలిక, అయితే తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించినది అర్ధరాత్రికి వేలాడుతుంది, కాబట్టి పడుకోబోయే ముందు తాళ్లు మళ్లీ లాగి కట్టాలి. పాలిస్టర్‌కి ఈ గొడవ తక్కువ, మా ఓటు దానికే.

పోంచో, అంటే తల మీంచి వేసుకునే టోపీ ఉన్న వదులు వానకోటు, నడకకి బాగుంటుంది, వీపు మీది బ్యాగునీ కప్పేస్తుంది. దాన్నే గుడారంగా కట్టాలంటే మూలల్లో రింగులున్నది తీసుకోండి. టోపీ మెడ దగ్గర దారంతో రెండు చుట్లు బిగించి, ఆ ముడికి తాడేసి పైకి లాగి కొమ్మకి కట్టాలి. రంధ్రం మూసుకుంటుంది, నడిమిభాగం లేచి నీళ్లు జారిపోతాయి. చిక్కల్లా ఒకటే: రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తే తొడుక్కోవడానికి ఏమీ మిగలదు!

కట్టేటప్పుడు రెండు చెట్ల మధ్య తాడు నడుము ఎత్తులో లాగండి. గాలి ఎక్కువైతే ఇంకా దించాలి, గాలి వచ్చే వైపు అంచుని నేలకి ఆనించాలి. మేకు తల పట్టకి అవతలి వైపు వాలి ఉండాలి, నిటారుగా దిగ్గొడితే తడి నేలలో ఊడొస్తుంది.

తాడు పట్ట కిందుగా పోతుంటే చెట్టు మీంచి జారే నీళ్లు దాని వెంటే లోపలికొస్తాయి. అంచుకి జానెడు బయట, తాడుకి ఒక నూలు దారం కట్టి వేలాడదీయండి. చుక్కలు అక్కడే దిగిపోతాయి.

వాలు లేకుండా చదునుగా మాత్రం కట్టొద్దు. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి లీటరు నీళ్లు. 3×3 పట్ట మీద 20 మి.మీ. పడి నిలిస్తే 180 కిలోలు, ఏ రింగూ ఆగదు. ఒక మూల దించితే సరి. రింగు తెగిపోతే గోళీ కంటే కాస్త పెద్ద నున్నటి గులకరాయిని ఆ మూలలో పెట్టి, గుడ్డని దాని చుట్టూ మెలేసి, మెడ దగ్గర తాడు బిగించండి. రింగు కంటే అదే గట్టి.

కింద పరిచే పట్ట పైదాని కంటే చిన్నదై ఉండాలి. అంచు బయటికొస్తే చూరు నీళ్లన్నీ పక్క కిందకే చేరతాయి. అంచులు దించి కట్టిన పట్ట కింద స్టవ్ వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియదు. ఇంటికొచ్చాక ఆరబెట్టి మడవండి, తడిగా చుట్టిపెడితే బూజు పట్టి లోపలి పూత జిగటగా ఊడొస్తుంది.