సిటీ బయట ఇల్లు చూస్తున్నారా?

హైదరాబాద్ అద్దెలు భరించలేక ఘట్‌కేసర్, మేడ్చల్, శంకర్‌పల్లి వైపు ఇల్లు వెతికేవాళ్లు ఆదివారం ఖాళీ రోడ్డు మీద వెళ్లి దూరం లెక్కేసుకోకండి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి అక్కణ్ణుంచి మీ ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి చూడండి. మేడ్చల్, ఘట్‌కేసర్‌లకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, కానీ టైమింగ్స్ మీ డ్యూటీకి కుదరాలి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. నల్లా కనెక్షన్ ఉందా, బోరు ఒక్కటేనా? బోరైతే మే నెలలో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్ చెప్పనిది అక్కడ తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే రాత్రిపూట తెరిచుండే ఆసుపత్రి ఎంత దూరమో కూడా చూడాలి. ఇవి కుదిరితే నా ఓటు సిటీ బయటకే, పిల్లలకి ఆడుకోవడానికి జాగా దొరుకుతుంది. కొనేముందు మాత్రం అక్కడే ఒక ఎండాకాలం అద్దెకుండండి.