అమెరికన్ బుల్‌డాగ్ పిల్లను తెచ్చుకునే ముందు దాని తాతముత్తాతల లెక్క తీయడం ఎలా

మా బావమరిదికి అచ్చంపేట పక్కన నాలుగెకరాల పల్లి చెల్క ఉంది. పోయిన యాసంగిలో సరిగ్గా కాయ ఊరే టైంకు అడవి పందులు వరుసగా మూడు రాత్రులు దిగి సాళ్లకు సాళ్లు తవ్వి పారేశాయి. నాలుగో రోజు పొద్దున్నే ఫోన్. "బావా, అమెరికాల పందుల్ని పట్టే బుల్‌డాగ్ ఉంటదంట, నల్లగొండల ఎవరో పిల్లల్ని అమ్ముతున్నరంట, జర పోయి చూసిరా" అన్నాడు. కుక్కలంటే నాకు ప్రాణం, ఆ సంగతి వాడికి తెలుసు.

వెళ్లాను. షెడ్డులో ఆరు పిల్లలు, తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు, పొట్టలు ఉబ్బి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది, నాకూ కరిగింది. అమ్మే మనిషి "హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్ అన్నా, ఒరిజినల్ బ్లడ్ లైన్" అంటూ ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టాడు. తల్లి మైక్రోచిప్ (గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్) నంబర్ అని రాసి ఉన్నచోట అంకెలు లెక్కపెట్టాను. పద్నాలుగు. మైక్రోచిప్ నంబర్‌కు పదిహేను అంకెలు ఉంటాయి. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాను, పద్నాలుగే. తల్లిని చూపించమంటే ఊళ్లో లేదన్నాడు. ఆరు వారాల పిల్లలు ఇక్కడుంటే తల్లి ఎక్కడికి పోతుంది? వట్టి చేతులతో తిరిగొచ్చాను. మీరు ఇలాంటి షెడ్డు ముందు నిలబడినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో అందుకే రాస్తున్నాను.

ముందు ఈ కుక్క ఎక్కడిదో తెలియాలి, అది తెలియకపోతే అమ్మేవాడు చెప్పే మాటలో ఏది నిజమో పట్టుకోలేం. దీని మూలం ఇంగ్లండ్. కసాయివాళ్లు, రైతులు ఎద్దును ముక్కు దగ్గర పట్టి ఆపడానికి పెంచిన కుక్కలు అవి, వాటినే ఎద్దులతో పందేలకూ వాడేవారు. 1835లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసి ఆ పందేలను ఆపింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఉండిపోయిన బుల్‌డాగ్‌ను షోల కోసం పెంచుతూ పోయారు. మూతి లోపలికి పోయింది, కాళ్లు పొట్టివయ్యాయి, పాతిక కిలోల బొద్దు కుక్క అయింది. మనం సిటీలో చూసే ముడతల మొహం ఇంగ్లిష్ బుల్‌డాగ్ అదే.

కానీ అంతకు ముందే వలసపోయిన జనంతో అమెరికా దక్షిణాదికి, జార్జియా, అలబామా వైపుకు చేరిన కుక్కల కథ వేరు. అక్కడ కంచెలు లేవు, పశువులూ పందులూ అడవిలో తిరిగేవి. పందులు ఆ నేలవి కావు. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దండనాయకుడు ఫ్లోరిడాలో దిగినప్పుడు తిండికి వెంట తోలుకొచ్చినవాటిలో కొన్ని తప్పించుకుని, తర్వాత రైతుల మందల్లోంచి వదిలిపోయినవీ కలిసి అడవి పందులయ్యాయి. వాటిని పట్టి ఆపాలంటే పొడుగు కాళ్లు, గట్టి దవడ, పరిగెత్తడానికి సరిపడా ఊపిరి ఉన్న కుక్క కావాలి. అక్కడి రైతు రంగు చూడలేదు, కాగితం చూడలేదు, పని చేసే కుక్కను పని చేసే కుక్కతో కలిపాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఈ రకం దాదాపు కనపడకుండా పోతే జాన్ డి. జాన్సన్, అలన్ స్కాట్ అనే ఇద్దరు పల్లెలు తిరిగి మిగిలినవాటిని పోగుచేశారు. జాన్సన్ తన కుక్కల్లో తర్వాత ఇంగ్లిష్ బుల్‌డాగ్ రక్తం కూడా కలిపాడు, అందుకే ఆ లైన్ బరువుగా, మూతి పొట్టిగా ఉంటుంది. స్కాట్ లైన్ కాస్త సన్నగా, మూతి పొడుగ్గా, చురుగ్గా ఉంటుంది. ఈరోజు కనపడేవాటిలో చాలావరకు రెండూ కలిసినవే.

కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ప్యూరేనా" అని కాదు. "ఇది జాన్సన్ వైపా, స్కాట్ వైపా, తల్లిదండ్రుల్లో ఎవరిది ఏ లైను?" అని అడగండి. నిజంగా పెంచేవాడు కూర్చోబెట్టి గంటసేపు చెప్తాడు. తెలియనివాడు మాట మార్చి రేటు గురించి మొదలుపెడతాడు. ఈ కుక్కలను రిజిస్టర్ చేయడం మొదలైందే 1970లలో, అమెరికాలో కుక్క జాతులను నమోదు చేసే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ (యూకేసీ) గుర్తించింది 1999లో, అలాంటిదే అయిన అమెరికన్ కెన్నెల్ క్లబ్ తన ఫౌండేషన్ స్టాక్ సర్వీసులో, అంటే ఇంకా పూర్తి గుర్తింపు రాని జాతుల రికార్డులో, చేర్చుకుంది 2019లో. అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐ జాబితాలో ఈ జాతి లేదు. రెండొందల ఏళ్ల వంశవృక్షం నా దగ్గరుంది అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి.

తర్వాత తల్లిని చూడండి, కుదిరితే తండ్రినీ. పిల్ల దగ్గర ఏ జాతీ సరిగ్గా తెలియదు, తల్లి ముందు నిలబడితే సగం తెలిసిపోతుంది. ఎత్తు భుజం దగ్గర ఇరవై అంగుళాలకు తక్కువ ఉండకూడదు, మగదైతే ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు ఉంటుంది. కాసేపు నడిపించమనండి. వెనక కాళ్లు ఊగుతూ, తుంటి అటూ ఇటూ కొట్టుకుంటూ నడిస్తే తుంటి కీలు బాగోలేదేమోనని అనుమానించాలి, ఎక్స్‌రే అడగాలి. మెర్ల్ అని బూడిద మచ్చల రంగు చూపించి ఎక్కువ డబ్బు అడుగుతారు, ఆ రంగును యూకేసీ ప్రమాణం ఒప్పుకోదు, అది కనపడితే వేరే జాతి కలిసిందనే అనుకోండి. పూర్తి తెల్ల పిల్ల అయితే వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి, తెల్లవాటిలో చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ.

చిప్‌ను కాగితం మీద నమ్మకండి. స్కానర్ ఉన్న పశువుల డాక్టర్ దగ్గరికి తల్లిని తీసుకురమ్మనండి, స్కానర్‌లో వచ్చిన నంబరూ కాగితం మీది నంబరూ అంకె అంకె కలవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 బ్రీడింగ్ రూల్స్‌లోనే ఉంది, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సర్టిఫికెట్ కూడా అడగండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎన్‌సీఎల్ అనే నరాల జబ్బు. ఈ జాతిలో సీటీఎస్‌డీ అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. పిల్ల ఏడాది దాకా బాగానే ఆడుకుంటుంది, ఒకటి నుంచి మూడేళ్ల మధ్య వెనక కాళ్లు తడబడడం మొదలవుతుంది, దానికి మందు లేదు. తల్లికీ తండ్రికీ ఆ లోపం ఒక్కో కాపీ చొప్పున ఉంటే రెండూ పైకి ఆరోగ్యంగానే కనపడతాయి, కానీ పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. డీఎన్ఏ పరీక్షతో ముందే తెలిసిపోతుంది. తాతముత్తాతల లెక్క అసలు అక్కరకొచ్చేది ఇక్కడే, తల్లిదండ్రుల డీఎన్ఏ రిపోర్టు లేకుండా డబ్బు కట్టకండి.

ఇక పందుల సంగతి. మా వాడికి నేను చెప్పింది ఇదే. ఈ కుక్కను అమెరికాలో క్యాచ్ డాగ్ అంటారు, అది చివర్లో వదిలే కుక్క. ముందు బే డాగ్‌లని వేరే కుక్కలు వాసన పట్టి, పందిని చుట్టుముట్టి మొరిగి నిలబెడతాయి, అప్పుడు దీన్ని వదిలితే చెవి పట్టుకుని ఆపుతుంది. రాత్రంతా చెల్క చుట్టూ తిరిగి కాపలా కాసే పని దీని రక్తంలో లేదు. పైగా అడవి పందిని కుక్కతో వేటాడిస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. 2024 మార్చిలో కేంద్రం నిషేధించమని రాష్ట్రాలకు పంపిన 23 జాతుల జాబితాలో అమెరికన్ బుల్‌డాగ్ పేరు కూడా ఉంది. ఆ సర్క్యులర్‌ను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అందుకే కొనే ముందు మీ మునిసిపాలిటీలో లేదా పశుసంవర్ధక ఆఫీసులో ఇప్పుడేం నడుస్తోందో అడిగి తెలుసుకోండి. మన నల్లగొండ ఎండాకాలం మీకు చెప్పేదేముంది, పొట్టి మూతి లైన్ అయితే మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కట్టేస్తే ప్రాణానికే ముప్పు.

బావమరిది కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కానీ విన్నాడు. చెల్క చుట్టూ సోలార్ కంచె వేయిస్తున్నాడు. కుక్క మీద ఆశ మాత్రం పోలేదు, ఇంటి కాపలాకైనా తెచ్చుకుంటానంటున్నాడు. మహబూబ్‌నగర్ వైపు ఒక పెంపకందారు తల్లినీ తండ్రినీ రెండింటినీ చూపించాడు, స్కానర్ నంబర్ కూడా కలిసింది. డీఎన్ఏ రిపోర్టు రావాల్సి ఉంది.