ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నప్పుడు కుటుంబం ఏం చేయాలి?

స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఎక్కువగా పద్దెనిమిదేళ్లు మొదలుకొని ముప్పై ఐదేళ్లలోపు బయటపడుతుంది. మగవారిలో కొంత ముందుగా, ఆడవారిలో కొంత ఆలస్యంగా కనిపిస్తుంది. చదువులో వెనకబడటం, స్నేహితులను తప్పించుకోవడం, స్నానం మానేయడం, రాత్రంతా మేలుకొని ఉండటం తొలి సూచనలు కావచ్చు. ఇంట్లోవారు వీటిని బద్ధకమనో, ప్రేమ వ్యవహారమనో, సెల్‌ఫోన్ పిచ్చి అనో అనుకోవడంతో విలువైన నెలలు గడిచిపోతాయి.

జబ్బు ముదిరాక, ఎవరూ లేనిచోట మాటలు వినబడతాయి. తనలో తాను నవ్వుకోవడం, గొణుక్కోవడం అందుకే. టీవీలో వార్తలు చదివే ఆమె తన గురించే చెబుతోందని, పక్కింటివారు చేతబడి చేశారని, కన్నతల్లే అన్నంలో ఏదో మందు కలుపుతోందని రోగి గట్టిగా నమ్మవచ్చు. ఇంకొన్ని లక్షణాలు ఇంత గోల చేయవు: మాట తగ్గిపోతుంది, ముఖంలో ఏ భావమూ కనిపించదు, ఏ పనికీ చెయ్యి కదలదు. మందులకు అంత త్వరగా లొంగనివి ఇవే. సోమరితనమని తిట్లు పడేదీ వీటికే.

ఈ జబ్బును నేరుగా పట్టి చూపే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. గంజాయి, మద్యం, మూర్ఛ, థైరాయిడ్ సమస్యల వంటివి కారణం కావని తేల్చుకోవడానికే పరీక్షలు చేస్తారు. నిర్ధారణకు ఇంటివారు చెప్పే వివరాలే ముఖ్యం కాబట్టి, మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, ఏ మాటలు పదేపదే అంటున్నారు, వంశంలో ఎవరికైనా ఇలాంటిది ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకొని సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాలి.

వచ్చే చిక్కల్లా రోగి తనకు జబ్బే లేదనడం. అన్నంలో ఏమీ కలపలేదని ఒట్లు పెట్టి వాదించినా ఆ నమ్మకం సడలదు. అలాగని అవునంటూ వంత పాడనూ కూడదు. “నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నాకు మాత్రం ఆ మాటలు వినబడటం లేదు, నిద్ర పట్టడం లేదు కదా, దానికోసమైనా డాక్టరుగారిని కలుద్దాం” అనడం మేలు. మాత్రను పొడిచేసి పెరుగన్నంలో కలిపి పెట్టే కుటుంబాలు చాలా ఉన్నాయి. అది బయటపడిన రోజున, విషం కలుపుతున్నారన్న అనుమానానికి మనమే రుజువు ఇచ్చినవాళ్లమవుతాం.

రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మందులతో ఆందోళన కొద్ది రోజుల్లోనే తగ్గవచ్చు గానీ, చెవిలో వినబడే మాటలు, అనుమానాలు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి మెడ ఒకవైపు తిరిగిపోవడం, కళ్లు పైకి నిలిచిపోవడం జరుగుతుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తే సాధారణంగా ఒక ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది. దీర్ఘకాలంలో బరువు, షుగరు పెరగవచ్చు కాబట్టి వాటిని అప్పుడప్పుడు చూపించుకోవాలి. రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా గుణం కనిపించకపోతే డాక్టర్లు క్లోజపిన్ అనే మందు గురించి ఆలోచిస్తారు. దానితో తెల్ల రక్తకణాల పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, బాగున్నాడు కదా అని మాత్రలు ఆపేయడం. తొలిసారి వచ్చిన జబ్బుకైనా, తగ్గిన తరువాత సాధారణంగా ఒకటి రెండేళ్లు మందు కొనసాగించాలి. మోతాదు తగ్గించే నిర్ణయం డాక్టరుదే. రోజూ మాత్ర దగ్గర గొడవ జరిగే ఇంట్లో, కొన్ని వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్ గురించి అడగవచ్చు. దెప్పిపొడుపులు ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

గుడికో దర్గాకో వెళ్లడం కుటుంబం ఇష్టం, మందు మాత్రం ఆపకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన వారు తప్పించుకోలేక సజీవ దహనమయ్యారు. అలా గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. చనిపొమ్మని గానీ ఎవరినైనా కొట్టమని గానీ మాటలు ఆదేశిస్తున్నాయని రోగి చెబితే, తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. జబ్బు ఏళ్ల తరబడి కొనసాగి పనికి అడ్డుపడుతుంటే, 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది కనుక, చికిత్స కాగితాలన్నీ తీసుకొని సదరం శిబిరానికి వెళ్లాలి. అక్కడ 40 శాతం, అంతకు మించి వైకల్యం నిర్ధారణ అయితే ధ్రువపత్రంతో పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు.