చాట్‌లో కొట్టుకుపోయే జవాబులకు వికీ మందు

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు. టీమ్‌లో సగం మంది మనవాళ్లే. "అన్నా, వెబ్‌సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఎలా రెన్యూ చేయాలి?" అని చాట్ గ్రూపులో అడగడం, అన్న చెప్పడం, సాయంత్రానికి అది లంచ్ కబుర్ల కింద కూరుకుపోవడం. ఆ అన్న పెళ్లికని కర్నూలు వెళ్లినప్పుడే సర్టిఫికెట్ గడువు తీరి సైట్ ఆగింది. ఆయన ఫోన్ కలవదు. ఇక మా టెన్షన్ చూడాలి!

ఖాళీగా పడున్న సర్వర్‌లో మీడియావికీ పెట్టాను. వికీని, అంటే టీమ్‌లో ఎవరైనా పేజీలు రాసి దిద్దగలిగే సైటును నడిపే సాఫ్ట్‌వేర్ అది. వికీపీడియా నడిచేది దాని మీదే, పైగా ఉచితం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీ తెరిచింది కూడా ప్రోగ్రామర్లు తమ అనుభవాలు పంచుకోవడానికే.

పెట్టడం తేలికే, రాయించడమే గగనం. "టైమ్ లేదు బాస్" అన్నది అందరి మాట. అందుకని పద్ధతి తిరగేశాను: అడిగినవాళ్లే పేజీ రాయాలి, తెలిసినవాళ్లు సరిచూస్తే చాలు. కొత్తవాళ్లు రాస్తే "ముందు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) ఆన్ చేయాలి" లాంటివి కూడా వస్తాయి. సీనియర్లకు అవి తట్టనే తట్టవు. చాట్‌లో ఇక ఆ పేజీ లింకు మాత్రమే ఇవ్వాలి. తప్పు రాస్తామేమోనని జంకేవాళ్లకు హిస్టరీ ట్యాబ్ చూపించాను, పాత వెర్షన్ ఎక్కడికీ పోదు. పాస్‌వర్డ్‌లు మాత్రం వికీలో పెట్టనివ్వలేదు.

మేనేజర్ గారు పాయింట్లు, బహుమతులు పెడదామన్నారు. వద్దన్నాను, పెడితే పనికిరాని పేజీలు పుట్టుకొస్తాయి. బదులుగా ప్రతి పేజీ పైన ఎవరు, ఎప్పుడు సరిచూశారో రాయిస్తున్నాం. అయినా పాత ఐపీ అడ్రస్‌లు (సర్వర్ల నెట్‌వర్క్ చిరునామాలు) ఉన్న పేజీలు అక్కడక్కడా తగులుతూనే ఉన్నాయి.